చిత్రికకు గూడు

మదనపల్లె,
జూన్ మొదట్లో.

బావకు,

ఇక్కడ నేనూ రమ్యశ్రీ బాగానే ఉన్నాం. బాగాలేనివి నా పనిముట్లు. బెంగళూరు నుంచి ముచ్చటపడి తెప్పించుకున్నవన్నీ స్నానాల గదిలో నీలం బకెట్లో కూర్చుని ఉన్నాయి. ఎందుకో చెప్తాను, నవ్వకుండా చదువు.

నువ్వు చెప్పినట్టే పుంగనూరు వెళ్లి ఫకీర్ సాహెబ్‌ను కలిశాను. కుప్పం మునెప్ప కొడుకు లక్ష్మీపతి మా బావ అనగానే ముసలాయన లేచి నిలబడి, భార్య హమీదమ్మ చేత టీ పెట్టించాడు. మునెప్ప మామా తనూ కలిసి ఎన్ని ఊళ్లలో తలుపులు బిగించారో చెప్పుకొచ్చాడు. ఆదివారాలు వచ్చి నేర్చుకోమన్నాడు. నేర్పేది మేకులు కొట్టే పని కాదు బావా. రెండు పలకల అంచులు చేతివేళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరి, మేకు లేకుండా నిలబడిపోయే సన్నపని. కాలేజీ లైబ్రరీలో రోజంతా ఎవరో రాసిన పుస్తకాలు సర్దే నాకు, నా చేత్తో ఒక్క వస్తువన్నా చేసుకోవాలని ఎంత కోరికో నీకు తెలుసు.

మొదటి పాఠం, పనిముట్లు పెట్టుకునే బీరువా చేయడం. సంతోషంగా ఉలి తీశాను. సాహెబ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“దీనికి ఇల్లు యాడుండాది?”

“ఏ ఇల్లు?”

“బీరువాలో దాని గూడు. ఇల్లు లేని సామాను చేత పట్టగూడదప్పా. మా ఉస్తాద్ మాట.”

“బీరువా చేస్తే కదా గూడు. ఉలి పట్టకుండా బీరువా ఎట్లా చేసేది?”

“అది నువ్వే ఆలోచన చెయ్యల్ల” అని ఆయన టీ తాగాడు.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు పుంగనూరు బస్సెక్కి పోవడం, పలకలను చూడడం, తిరిగి రావడం. చివరికి హమీదమ్మకే జాలేసింది. “ఇంటికొచ్చిన సుట్టాన్ని నీకు సొంతిల్లుండాదా అని అడగతామా? ఆ బిడ్డిని యాడన్నా అడిగి తెచ్చుకోమను. ఎరువు సామాను సుట్టం మాదిరే గదా” అంది. సాహెబ్ ఒప్పుకున్నాడు. కాని చుట్టం ఒంటరిగా రాకూడదట. ఆ ఇంటి పెద్ద చేత్తో రాసిన ఉత్తరం ఒకటి వెంట ఉండాలట. మా బావ చేత ఫోను చేయిస్తానంటే, “ఫోను సామానుకు ఇనపడదు” అన్నాడు.

కాబట్టి బావా, మునెప్ప మామ పనిముట్లు మీ మంచం కింద గోనెసంచిలో ఉన్నాయి కదా, వాటిని ఉత్తరంతో సహా పంపించు. ముఖ్యంగా మామ చిత్రిక. పలక నున్నగా రాకపోతే ఏ అతుకూ కుదరదు. చిత్రిక పేరెత్తగానే సాహెబ్ వీధిలోకి చూస్తూ హమీదమ్మను ఇంకో టీ అడిగాడు, అంత గొప్పదన్నమాట అది.

నీ బామ్మర్ది,
జగదీష్


కుప్పం,
జూన్ మూడో వారం.

జగ్గడికి,

బావ ఆశీస్సులు. నవ్వకుండా చదవమన్నావు కాబట్టి బయటికి వెళ్లి నవ్వి వచ్చి మళ్లీ చదివాను.

నా దుకాణంలో ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. మూత కూడా ఉంటుంది. నీ ఉలి, సుత్తి, బకెట్, నువ్వు, అందరూ పడతారు. ఉస్తాద్ గారికి అభ్యంతరమైతే డబ్బా మీద ఇంటి నంబరు వేయించి పంపుతాను. వద్దంటావని తెలుసు. మీ అక్క కూడా చిన్నప్పటి నుంచీ నువ్వింతే అంటోంది.

రంపం, ఉలి కుప్పం బస్సులో పంపిస్తున్నాను. ఉత్తరం ఇదిగో, సాహెబ్‌కు చూపించు:

“ఈ రంపం కుప్పం మునెప్పది. వయసు మీద పడింది గాని పళ్లన్నీ ఉన్నాయి. కొంచెం కుడికి లాగుతుంది, అది దాని స్వభావం, కోప్పడవద్దు. ఈ ఉలి నెమ్మదస్తురాలు. పని కాగానే ఇద్దరినీ క్షేమంగా పంపగలరు. ఇట్లు, ఇంటి పెద్ద లక్ష్మీపతి.”

చిత్రిక సంగతి తర్వాత చూద్దాం. వానలు మొదలయ్యాయి కదా, దాని కొయ్య ఉబ్బి ఉంటుంది. ఈ చెమ్మలో ప్రయాణం మంచిది కాదు. ఇలాంటివి ఫోనులో అడగవద్దు. మీ అక్క స్పీకరు పెడుతుంది, పక్కనే మా అమ్మ వింటుంది.

బావ


మదనపల్లె,
జులై, పీర్ల పండగ అయ్యాక.

బావకు,

రంపం వచ్చిన వైభవం నువ్వు చూడాల్సింది. కండక్టరు నీ ఉత్తరం చదివాడట. చదివాక దాన్ని సామాన్ల మధ్య పడేయడానికి చెయ్యి రాక, పలమనేరు దాకా కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడట. పలమనేరులో ఎక్కినావిడ జరగమంటే, “అమ్మా, పెద్దదమ్మా అది, నువ్వే ఈ పక్కకు రా” అన్నాడట. సాహెబ్ అంతకు మించి. ఉత్తరాన్ని రంపానికి వినపడేలా గట్టిగా చదివి, చివర్లో “వచ్చినావా తల్లీ” అన్నాడు.

పని మొదలైంది. నా మొదటి అతుకు చూసి హమీదమ్మ, ఎలుక కొరికిందా అని అడిగింది. నాలుగో దానికి ఏమీ అడగలేదు. ఆ రోజు నాకు అన్నం సయించింది.

ఇంతలో కొత్త చిక్కు. పండగ దాటి ఉండిపోయిన చుట్టం ఇక చుట్టం కాదట, ఇంటి మనిషట. ఇంటి మనిషికి గూడు ఉండాలి కదా. అంటే నా బీరువాలో మొదటి గూడు నీ రంపానికి. రెండోది నీ ఉలికి. నా సొంత ఉలి ఇంకా బకెట్లోనే ఉంది. గూడు కొలిచే పద్ధతి కూడా చెప్పాలి. ముందు పనిముట్టును నులకమంచం మీద పడుకోబెట్టి, వారం తర్వాత అది ఏ పక్కకు ఒరిగిందో చూసి, ఆ పక్కకే గూడు తొలవాలి. మాకున్నది ఒకటే మంచం. రమ్యశ్రీ దిండు తీసుకుని ముందు గదిలోకి పోతూ, “ఉలికి సొంతిల్లు కడతాండావు, మనకు మాత్రం అద్దిల్లు. ఆ రంపాన్నే అడుగు, మనకేమన్నా ఒక మూల ఇస్తాదేమో” అంది. తప్పు పట్టలేకపోయాను.

వాన తగ్గింది బావా. చిత్రిక పంపించు. బీరువా తలుపులకు పలకలు సిద్ధంగా ఉన్నాయి, చిత్రిక పట్టకుండా ముందుకు పోలేను.

జగదీష్


కుప్పం,
జులై చివర.

జగ్గడికి,

కొయ్య సుత్తి, మూలమట్టం, కొయ్య చెక్కే బాడిస, సానరాయి పంపిస్తున్నాను. వాటికీ ఉత్తరాలున్నాయి. బాడిసది కొంచెం పొడుగైంది, దాని గురించి చెప్పడానికి చాలా ఉంది. సానరాయి మాట పడదు, దాన్ని రాయి అనవద్దని సాహెబ్‌కు మనవి.

చిత్రిక అటక మీద ఉంది. దాని మీద ఆవకాయ జాడీ ఉంది. మా అమ్మ జాడీ జరపనివ్వదు, జరిపితే ఊరగాయ పాడవుతుందని ఆమె పట్టు. ఊరగాయ అయిపోవాలంటే దసరా దాటుతుంది. మేము తొందరగా తినడానికి ప్రయత్నిస్తున్నాం.

ఆ సాహెబ్‌కు ఒక చిత్రిక ఉంటుంది కదా, దాంతో కానిచ్చుకో. అందులో నామోషీ ఏముంది?

దుకాణంలో పెళ్లి కుర్చీలు దిగుతున్నాయి. ఉంటాను.

బావ


మదనపల్లె,
ఆగస్టు.

గౌరవనీయులైన లక్ష్మీపతి గారికి,

నమస్కారాలు. మీ ఆవకాయ ఎంతవరకు వచ్చిందో తెలుసుకుందామని మా అక్కకు ఫోను చేశాను. మీరు వద్దన్న పనే చేశాను, క్షమించాలి. అక్క స్పీకరు పెట్టలేదు. “అటక మీద ఏ జాడీ ఉండాదిరా? ఆవకాయ వంటింట్లోనే ఉండాది. నేను కాపురానికొచ్చినప్పటి నుంచి, ఈమధ్య నీకు సామాను తీసేదాకా, ఆ గోనెసంచి ఎవురూ ఇప్పింది లేదు. నాకు తెలిసి దాంట్లో గుడ్డ సుట్టిన మూటొకటి ఉండాది, దాన్ని ముట్టుకుంటే మీ బావకు కోపం” అంది.

అంటే ఆ చిత్రిక మీ దగ్గరే ఉంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయవచ్చు. బామ్మర్ది చేతిలో పెడితే పాడైపోతుందనుకుంటే అదీ రాయవచ్చు. చెమ్మ, అటక, ఊరగాయ అని ఇన్ని కథలు అక్కర్లేదు. మీ పనిముట్ల కోసం గూళ్లు తొలుస్తూ ఈ వానాకాలం గడిపినవాణ్ని, నాకు నొప్పిగా ఉంది.

పని ఆగలేదు. సాహెబ్ తన రందాతో, అంటే చిత్రికతో, తలుపు పలకలు నున్నగా చేసి ఇచ్చారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎందుకని అడిగితే “ఇది సుట్టం” అన్నారు. అప్పుడు ఆయన కొట్టంతా ఒకసారి చూశాను. నూనె డబ్బాల్లో ఉలులు, మేకులకు వేలాడే రంపాలు, ఒక్కదానికీ గూడు లేదు. మీ బీరువా ఏదని అడిగాను. మూలలో రెండు పక్కలే ఉన్న బీరువా ఒకటి చూపించారు. అందులో హమీదమ్మ ఉల్లిగడ్డలు పోసుకుంటుంది.

“వయసులో మొదలుపెట్టింటి. గూడు లేక సామాను పట్టకూడదు, సామాను పట్టక గూడు రాదు. నీకు తగులుకున్నట్లే నాకూ తగులుకునె. ఇంగేం సేసేది? అందర్నీ అడిగి తెచ్చుకుంటి. ఈడ నాదంటూ ఒక్కటీ లేదప్పా. అంతా సుట్టాలే” అన్నారు.

పండగ దాటితే ఇంటి మనుషులు కారా అని నేను అడగలేదు. ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. జీవితమంతా ఎరువు తెచ్చుకున్న పనిముట్లతో ఊళ్లకు ఊళ్లు తలుపులు చేశాడాయన. మీరేమో మంచం కింద మూట కట్టి పెట్టుకున్నారు.

ఆయుధపూజ నాడు బీరువా గృహప్రవేశం. మునిలక్ష్మమ్మ అత్త తన భర్త పనిముట్లకు బొట్టు పెట్టడానికి తప్పకుండా వస్తానని అక్కతో చెప్పించింది. మీ వీలు మీ ఇష్టం.

ఇట్లు,
జగదీష్


కుప్పం,
సెప్టెంబరు మొదట్లో.

జగదీషా,

నన్ను గారు అనవద్దు.

ఆ మూటలో ఉన్నది ఇటుక.

నేను బెంగళూరులో కంపెనీలో పనిచేసేటప్పుడు నాన్న పోయాడు. అంతకు ముందు పండక్కి వచ్చినప్పుడు ఆయనతో గట్టిగా చెప్పాను, కొయ్యపని నాకు వద్దు, వంగి వంగి నీ నడుం పోయింది, నేను దుకాణం పెట్టుకుంటానని. దినాలయ్యాక గోనెసంచి విప్పితే అన్నీ ఉన్నాయి, చిత్రిక లేదు. ఆయన అన్నం తినకముందు కూడా తుడిచి పెట్టుకునే చిత్రిక అది. కొడుక్కి అక్కరలేదన్నాడు కదా అని అమ్ముకున్నాడనుకున్నాను. అప్పటి నుంచి అదే అనుకుంటున్నాను.

అమ్మకు చెప్పలేకపోయాను. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు, ఆయుధపూజ నాడు సంచి విప్పకుండా పైనుంచే ఒక్కొక్కటీ తడిమి బొట్టు పెడుతుంది. చిత్రిక ఉండాల్సిన చోట చేతికి ఏమీ తగలకపోతే ఏమౌతుందో అని, మా గోడకట్ట నుంచి ఒక ఇటుక తెచ్చి, నాన్న తువ్వాలులో చుట్టి పెట్టాను. ఆమె దానికి బొట్టు పెట్టింది. ఇప్పటికీ పెడుతూనే ఉంది. ఒక్కోసారి ఇటుక అరిగితే మార్చాను కూడా. నాన్న ఫొటోకు పెట్టినన్ని పూలు ఆ ఇటుకకూ పెట్టాం.

ఇప్పుడు ఆమె మదనపల్లె వస్తుంది. నీ బీరువాలో ఒక్కో గూట్లో చెయ్యి పెట్టి తడుముతుంది. మూటలు కట్టిన సంచి కాదు అది, తువ్వాలు విప్పి చూస్తుంది. నాన్న అమ్ముకున్నాడని ఆమెకు ఇప్పుడు తెలియడం నేను తట్టుకోలేను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఇటుకను పంపిస్తున్నాను. దానికీ ఉత్తరం రాశాను, రాయకపోతే మీ సాహెబ్ లోపలికి రానివ్వడు:

“ఇది ఇటుక. చిత్రిక బదులుగా మా ఇంట్లో చాలాకాలంగా పనిచేస్తోంది. ఎవరినీ నొప్పించి ఎరగదు. దయచేసి లోపలికి రానివ్వగలరు.”

నేను రాను. పండగ రోజుల్లో దుకాణం వదలలేను. అది కూడా అబద్ధమే, భయంతో రాను.

బావ


మదనపల్లె,
సెప్టెంబరు చివర.

బావకు,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పోయిన ఉత్తరంలో నేను రాసినవన్నీ తుడిచేయగలిగితే తుడిచేస్తాను. గారు కూడా.

ఇటుక చేరింది. ఏం చేయాలో తోచక నేరుగా పుంగనూరు తీసుకెళ్లాను. సాహెబ్ నీ ఉత్తరాన్ని ఇటుకకు చదివి వినిపించాడు. “చిత్రిక బదులుగా” అన్నచోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత తువ్వాలు అంచు వేళ్లతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. హమీదమ్మ రెండుసార్లు పిలిచినా టీకి లేవలేదు. ఇటుకను వెనక్కి పంపమంటాడేమో అనుకున్నాను. అననే లేదు.

చివరగా మిగిలిన గూడు దీనికే. ఇటుకను పలక మీద పెట్టి చుట్టూ గీత గీస్తుంటే ఆయన పెన్సిలు లాక్కున్నాడు.

“ఇటికె సైజుకు గూడు సేస్తే రేపు రందా వస్తే యాడ పెడతావు?”

“రందా ఎక్కడిది సాహెబ్, లేదంటున్నాడు కదా బావ.”

“నువ్వు సేయి. రందా సైజుకే సేయి” అని తన రందాను పలక మీద పెట్టి తనే గీత గీసి ఇచ్చాడు.

అట్లాగే తొలిచాను. అందులో ఇటుక వదులుగా ఉంది, చుట్టూ తువ్వాలు మడతలు దూర్చాను. అత్త తడిమినప్పుడు పక్కనే నిలబడి మాటల్లో పెడతాను. రమ్యశ్రీకి కూడా చెప్పాను, సరిగ్గా ఆ సమయానికి బొరుగుల పళ్లెం కింద పడేస్తానంది. ఇంతకన్నా మంచి ఉపాయం మాకు తోచలేదు.

బీరువా బాగా వచ్చింది బావా. నా మాట కాదు, హమీదమ్మ వేలు పెట్టి అతుకులు వెతికి దొరకలేదంది. ఇప్పుడు ఇంటికి తెచ్చి, కూర్చుని చూసుకుంటే ఒక సంగతి బయటపడింది. గూళ్లన్నీ మీ నాన్న పనిముట్లకే. నా ఉలికి ఒక్క గూడూ లేదు. ఇన్ని నెలలు చేసి, నా సామాను ఇంకా నేను ముట్టుకోకూడదు.

ధైర్యంగా ఉండు.

జగదీష్


మదనపల్లె,
ఆయుధపూజ రాత్రి.

బావకు,

వేళ్లకు పసుపు అంటి ఉంది, అక్షరాలు అలుక్కుపోతే సర్దుకో. ఏదీ దాచకుండా జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడ మీది మా ఇంటి ఓనరు రాజేశ్వరమ్మ, గృహప్రవేశం అని విని పట్టుచీరలో దిగింది. ఎవరింటికి అని అడిగింది. “రంపానికి, ఉలికి, ఇంకా వాళ్లవాళ్లకు” అంది రమ్యశ్రీ. ఆమె కాసేపు బీరువాను చూసి, ఇల్లు బాగుందని, గాలీ వెలుతురూ వస్తాయా అని అడిగి, టెంకాయ కొట్టింది. వీధిలో నలుగురికీ తెలిసింది. ఊరికే రాకూడదని స్టీలు గిన్నెలు, గ్లాసులు చదివించారు. చదివింపులు రాసుకునే వేళకు ఎవరి పేరున రాయాలో తెలియక, మూలమట్టం పేరున రాశాం.

అత్తను కుర్చీలో కూర్చోబెట్టాం, నీ దుకాణం కుర్చీనే. బీరువా తలుపులు తెరిచాను. ఆమె రంపాన్ని తడిమి “ఇంగా కుడికే లాగతాందా” అంది. ఉలికి, బాడిసకు, సానరాయికి బొట్టు పెట్టింది. చిత్రిక గూటి దగ్గరకు చెయ్యి వచ్చేసరికి నేను వాన గురించి మాట్లాడడం మొదలుపెట్టాను. రమ్యశ్రీ పళ్లెం పడేసింది. గదంతా బొరుగులు. అత్త చెయ్యి కొంచెం కూడా కదల్లేదు. తువ్వాలు మీదే బొట్టు పెట్టి, మెల్లగా అంది:

“ఈ ఇటికెను ఇంత దూరం యాల తెచ్చినారప్పా? పగిలిపోతే?”

బొరుగులు ఏరుతున్న రమ్యశ్రీ ఏరడం ఆపేసింది. నేను అడిగాను, నీకు తెలుసా అత్తా అని.

“ఇటికెకూ కొయ్యకూ తేడా తెలీదా నాకు? ఆయప్పతో అంత కాలం కాపరం జేసినదాన్ని. వాడు అంత శ్రద్ధగా గుడ్డ సుట్టి పెడతాండాడే, ఇది ఇటికెరా అంటే బిడ్డ నొచ్చుకోడా? సరేలెమ్మని బొట్టు పెడతాండా. రందా వచ్చేదాకా దాని తావు ఉంచినాడనుకుంటి.”

“ఎక్కడి నుంచి వచ్చేదాకా?”

ఆమె జవాబు చెప్పేలోపల వాకిట్లో ఫకీర్ సాహెబ్, హమీదమ్మ. సాహెబ్ చంకలో సంచి. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, అత్తకు సలాం చేసి, సంచిలోంచి తన రందా తీశాడు. నేను ప్రతి ఆదివారం చూసిందే, తలుపులకు పట్టిందే. తువ్వాలులోంచి ఇటుకను తీసి నా చేతికిచ్చి, దాన్ని గూట్లో పెట్టాడు. ఎక్కడా ఇరుకు లేదు, వదులు లేదు. తనే గీసిన గీత కదా.

“మునెప్పకు సెయ్యి వణకతాంటే నన్ను పిలిపించి ఇచ్చినాడు. పని లేక మూలబడితే తుప్పు పడతాది, నీ దగ్గర ఉండనీ, మా వాడు అడిగిన దినం ఇచ్చెయ్యి అన్నాడు. ఈయమ్మే అన్నం పెట్టె ఆ పొద్దు.”

“నేనే పెట్టింటి” అంది అత్త.

“మరి ఇన్నేండ్లు చెప్పలేదే?” అన్నాను ఇద్దరితో.

“వానికి తెలుసనుకుంటి” అంది ఆమె.

“అడగలేదు గదా. ఇంట్లో ఉండే సుట్టాన్ని, మీవాళ్లు నిన్ను అడగలేదు గాని పొయ్యిరా అని ఎట్ల సెప్పేదప్పా? నోరొస్తాదా?” అన్నాడు సాహెబ్. “నీ ఉత్తరంలో రందా కావాలని ఉండాదని నువ్వు సెప్పితివి. నువ్వు అడిగితే ఎట్ల ఇచ్చేది? కొడుకు అడగల్ల. ఇటికెతో వచ్చిన కాయితం సూసినంక తెలిసె. అడిగేదానికి నోరు రాక ఇటికెను పంపించినాడు. అది సాలు నాకు.”

బావా, మీ నాన్న దాన్ని అమ్ముకోలేదు. నువ్వు అడుగుతావని దాచి ఉంచాడు.

ఆయన బొరుగులు, బెల్లం తిని సాయంత్రం బస్సుకు బయల్దేరాడు. ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపటి నుంచి ఆయనకు రందా లేదు. బకెట్లో ఉన్న నా కొత్త రందా తీసుకుపొమ్మన్నాను, గూడు లేక నువ్వే ముట్టనిదాన్ని నేనెట్లా పట్టేది అన్నాడు. బస్సు ఎక్కేటప్పుడు ఆయన చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఉన్నాయి. అదొక్కటే నాకు బాగాలేదు.

జగదీష్


కుప్పం,
అక్టోబరు.

జగ్గడికి,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. కుర్చీల మధ్య కూర్చుని ఏడ్చాను. కుర్చీ కొనడానికి వచ్చినావిడ నన్ను చూసి, ఆ రకం వద్దని వెళ్లిపోయింది.

అమ్మ ఇంటికి రాగానే అడిగాను, తెలిసి కూడా ఇన్నేళ్లు ఇటుకకు పూలు ఎందుకు పెట్టావని. “నువ్వు పెట్టినావని పెట్టినా. నువ్వెందుకు పెట్టినావో నాకేం తెలుసు” అంది. ఆమె కోసం నేను, నా కోసం ఆమె, మా ఇద్దరి మధ్య ఆ ఇటుక. మీ అక్క నవ్వి నవ్వి మంచినీళ్లు అడిగింది.

ఆదివారం దుకాణం మూసి వస్తున్నాను. నాన్న చిత్రికను గూట్లోంచి నేనే తీస్తాను. కాసేపు పట్టుకుంటాను. తర్వాత మనిద్దరం పుంగనూరు పోదాం. సాహెబ్ ఎదురుగా ఒక్క పలక చిత్రిక పట్టి చూస్తాను, నాకు రాదని తెలుసు, ఆయన్ను నేర్పమంటాను. సాయంత్రం ఈ కాగితం ఇచ్చి వద్దాం:

“ఫకీర్ సాహెబ్ గారికి. ఈ చిత్రిక మునెప్పది, ఇప్పుడు నాది. దీన్ని అడగడానికి ఇన్నేళ్లు పట్టింది, తప్పు మీది కాదు. దీనికి మదనపల్లెలో సొంత గూడు ఉంది. ఇల్లు ఉన్న సామాను కాబట్టి మీరు నిశ్చింతగా చేత పట్టవచ్చు. మీ చేతులు ఆడినన్నాళ్లు మీ దగ్గరే ఉండనివ్వండి. పండగలకు మాత్రం ఇంటికి పంపండి. ఇట్లు, మునెప్ప కొడుకు లక్ష్మీపతి.”

అది లేనప్పుడు ఆ గూట్లో ఇంకేదీ పెట్టకు. నీ ఉలిని కూడా. నీ సామానుకు ఇంకో బీరువా మొదలుపెట్టు, మా నాన్న పనిముట్లు నీకు ఎరువిస్తాను, ఉత్తరాలు రాయడం నాకు అలవాటైంది.

ఒక్క సంగతి మరిచిపోయాను. ఇటుకను తిరిగి పంపించు. అమ్మ అడుగుతోంది. రోజూ మంచం కింద చెయ్యి పెట్టి చూసి, అది లేక ఇల్లు బోసిగా ఉందంటోంది. తువ్వాలులోనే చుట్టి బస్సులో పంపు. దాన్ని ఒంటరిగా మాత్రం పంపవద్దు, ఒక ఉత్తరం రాసి పెట్టు.

బావ